శాస్త్రోపాధ్యాయులకు చేతి యభ్యాసము

ప్రకృతిశాస్త్రము వినుటచే మాత్రము వచ్చు విద్య కాదు. చూచి, తాకి, కొలిచి, కాచి, వడపోసి, తప్పిపోయిన మఱల చేసి నేర్చుకొనవలసిన విద్య. ఈ మాటను కాదనువారు లేరు. పాఠ్యపుస్తకముల పీఠికలలో నిది వ్రాయబడియే యుండును. అయినను మన కృష్ణా డెల్టాలోని పాఠశాలలలో తఱచుగా కానవచ్చు వస్తు వొకటి కలదు. అది గోడవార నిలిచిన బీరువా. దాని యద్దముల వెనుక గాజుకుప్పెలు, పరీక్షనాళికలు, త్రాసు, అయస్కాంతములు అమర్చబడి యుండును. బీరువాకు తాళము; తాళముపై దుమ్ము. తనిఖీ యధికారి వచ్చు దినమున తాళము తీయుదురు. మఱునాడు మఱల వేయుదురు.

ఇందులకు కారణము ఉపాధ్యాయుల సోమరితనమని తొందరపడి నిర్ణయింపరాదు. పెక్కుచోట్ల కారణము భయము. గాజు పగిలినచో నెవరు చెల్లింపవలెను? ప్రయోగము సరిగా రాకపోయిన, నలువదిమంది పిల్లల యెదుట నేమి చెప్పవలెను? శిక్షణ కళాశాలలో నొక్కమాఱు చూచిన ప్రయోగము పదునైదేండ్ల పిదప చేతికి జ్ఞాపకముండునా? ఇట్టి సందేహములతో నుపాధ్యాయుడు సుద్దముక్కను చేతబట్టి, ప్రయోగపు బొమ్మను నల్లబల్లపై గీచి, పిల్లలచే నెత్తివ్రాయించి, పాఠము ముగించుచున్నాడు. పిల్లవాడు పరీక్షనాళికను బొమ్మగా నెఱుగును, వస్తువుగా నెఱుగడు.

కావున బీరువా తెఱువవలెనన్న ముందుగా నుపాధ్యాయుని భయము తీఱవలెను. ఉపాధ్యాయులే విద్యార్థులవలె బల్లలచుట్టు కూర్చుండి, పిల్లలు చేయవలసిన ప్రయోగములను తమ చేతులతో చేసి చూచుటయే దీనికి మార్గము. ఇట్టి శిక్షణ తరగతులనే నేడు కార్యశాలలనియు, వర్క్‌షాపులనియు పిలుచుచున్నారు. ఇవి యేల యవసరమో, ఇతరత్ర ఎట్లు జరిగెనో, మన డెల్టాలో నెట్లు జరుపవచ్చునో ఈ వ్యాసమున వివరింతును. ఇది ఉపాధ్యాయులకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. తలిదండ్రులును, విద్యార్థులును తెలిసికొనదగినది.

క్రొవ్వొత్తి ప్రయోగము

మొదట నొక యుదాహరణమును చూతము. పళ్లెములో నీరు పోసి, నడుమ క్రొవ్వొత్తిని నిలిపి వెలిగించి, దానిపై గాజుగ్లాసు బోర్లించినచో, కొంతసేపటికి దీప మాఱిపోవును. నీరు గ్లాసులోనికి పైకి లేచును. మనలో ననేకులు బాల్యమున చదివిన ప్రయోగమే యిది. "గాలిలో నైదవవంతు ప్రాణవాయువు కలదు. మంట దానిని హరించెను. ఖాళీయైన స్థలమును నీరు నింపెను" అని దీనికి కారణము చెప్పుట వాడుక. తరతరములుగా ఉపాధ్యాయులు దీనిని చెప్పుచు వచ్చిరి, పిల్లలు పరీక్షలలో వ్రాయుచు వచ్చిరి, మార్కులును వచ్చుచుండెను. కాని యీ వివరణము సరియైనది కాదు.

ఇది తప్పని ఉపన్యాసములో చెప్పినచో నుపాధ్యాయులు తలయూపి వెడలిపోవుదురు. కార్యశాలలో నట్లు కాదు. ప్రతి బల్లకు నొకే కొలత గల మూడు గ్లాసు లిత్తురు. మొదటి గ్లాసుక్రింద నొక క్రొవ్వొత్తి, రెండవదాని క్రింద రెండు, మూడవదాని క్రింద మూడు నిలుపవలెను. గ్లాసులు బోర్లించుటకు ముందు, నీరెక్కడ నెంత లేచునో ప్రతివారును తమ యూహను కాగితముపై వ్రాయవలెను. ప్రాణవాయువు తఱుగుటయే కారణమైనచో, మూడు గ్లాసులలోని గాలియు సమానమే కనుక, నీరును మూడింట సమానముగా లేవవలెను. చేసి చూచినప్పుడు క్రొవ్వొత్తులు హెచ్చినకొలది నీరు హెచ్చుగా లేచుట కనబడును. శ్రద్ధగా చూచువారికి మఱి రెండు విషయములు కూడ కనబడును. గ్లాసు బోర్లించునపుడు అంచు వెంబడి గాలిబుడగలు వెలికి వచ్చును. దీపము వెలుగుచున్నంతసేపు నీరు మెల్లగా లేచి, ఆఱిన పిదప త్వరగా లేచును.

కారణము వేడిమి. మంటవలన గాలి వేడెక్కి వ్యాకోచించును. అందు కొంత భాగము గ్లాసునుండి తప్పించుకొని పోవును. దీప మాఱినతోడనే మిగిలిన గాలి చల్లబడి సంకోచించును; బయటి గాలి యొత్తిడిచే నీరు లోపలికి త్రోయబడును. మంట కొంత ప్రాణవాయువును వాడుకొనుట నిజమే. కాని దానికి బదులుగా బొగ్గుపులుసు వాయువును, నీటియావిరియు పుట్టును. అదియుగాక దీప మాఱునప్పటికి గ్లాసులో ప్రాణవాయువు చాలభాగము మిగిలియే యుండును.

అట్లయిన గాలిలో ప్రాణవాయువు ఐదవవంతని చూపు మార్గము లేదా? కలదు. తుప్పుపట్టు ఇనుపపీచును తగినంత తీసికొని, నీట తడిపి, పొడవైన పరీక్షనాళిక యడుగున నిఱికించి, నాళికను నీటిగిన్నెలో తలక్రిందుగా నిలిపి, రెండు మూడు దినము లుంచవలెను. ఇనుము మెల్లగా ప్రాణవాయువును గ్రహించి తుప్పుగా మాఱును. ఇందు మంట లేదు, బుడగలు లేవు. నీరు నాళికలో సుమారు ఐదవవంతువఱకు లేచి నిలుచును. ఇది ఓపిక గల ప్రయోగము. ఒక గంటలో ముగియదు. అయినను నిజమును చెప్పును.

ఈ యుదాహరణమును విపులముగా చెప్పుటకు హేతు వున్నది. తప్పు వివరణము ఇంతకాలము నిలిచియుండుట కుపాధ్యాయుల తెలివితక్కువ కారణము కాదు. రెండవ క్రొవ్వొత్తిని వెలిగించి చూచు నవకాశము వారి కెవరు నీయలేదు. చేతితో చేయని విద్యలో తప్పును పట్టుకొనుటకు సాధనము లేదు. పుస్తకములోని పొరపాటు గురువు నోటికిని, అక్కడనుండి శిష్యుని నోటికిని ప్రాకుచుండును. ఆ శిష్యుడే మఱల గురువగును.

శిక్షణ యెట్లు ప్రారంభమయ్యెను

మన ప్రాంతమున ఇంగ్లీషు చదువులకు పాతకాలపు పేరు మచిలీబందరు. రాబర్టు నోబులుగారు 1841లో అచ్చటికి వచ్చి 1843లో పాఠశాలను తెఱచిరి. పాఠశాలలు పెరిగినకొలది, ఉపాధ్యాయులకును చదువు కావలెనని దొరతనమువారు గ్రహించిరి. 1856లో మదరాసులో నార్మల్ స్కూలుగా నారంభమై పిదప సైదాపేటకు మాఱిన శిక్షణ కళాశాల యీ యాలోచనకు ఫలము. అయితే యిది యుద్యోగమునకు ముందు ఒక్కమాఱు పొందు శిక్షణ. ఉద్యోగమున చేరిన పిదప ఇరువది ముప్పది సంవత్సరములు ఉపాధ్యాయుడు నేర్చినదానితోనే కాలము గడుపుట ఆచారమైపోయెను.

ఈ యాచారమును కదలించినవానిలో రెండవ ప్రపంచయుద్ధ మొకటి యనిన వింతగా తోచవచ్చును. యుద్ధమున ననేక దేశములలో పాఠశాలలు కూలిపోయెను, ప్రయోగశాలలు బూడిదయయ్యెను. పరికరములు లేక శాస్త్రపాఠము ఎట్లు చెప్పవలెనను ప్రశ్న పుట్టెను. జె. పి. స్టీఫెన్‌సన్ అను ఆంగ్ల ఉపాధ్యాయుడు ధ్వంసమైన దేశముల శాస్త్రోపాధ్యాయులకు సూచనలతో నొక చిన్న పుస్తకమును వ్రాయగా యునెస్కో సంస్థ 1948లో ప్రకటించెను. ఖాళీ డబ్బాలు, సీసాలు, తీగలు, కొయ్యముక్కలు మొదలగువానితో పరికరములు చేసికొనుట అందలి సారాంశము. అదియే పెరిగి 1956లో శాస్త్రబోధకుల పెద్ద యాధారగ్రంథముగా వెలువడి, పెక్కు దేశములలో వాడబడెను. లేమిలో పుట్టిన యీ పద్ధతి కలిమి గల దేశములకు కూడ పనికివచ్చెను. ఏలయన, తాను చేసికొన్న త్రాసును పిల్లవా డెఱిగినంతగా కొనితెచ్చిన త్రాసు నెఱుగడు.

మన దేశమున 1963 మొదలు అమెరికావారి సహాయముతో వేసవి శిక్షణ తరగతులు జరుగసాగెను. శాస్త్రోపాధ్యాయులు సెలవులలో కళాశాలలకు పోయి కొన్ని వారములపాటు ఆచార్యులవద్ద చదివి, ప్రయోగములు చేసి వచ్చెడివారు. 1964-66 సంవత్సరముల కొఠారీ విద్యాసంఘము, ప్రతి యుపాధ్యాయునికి నైదేండ్ల కొకమాఱైనను రెండు మూడు నెలల శిక్షణ లభింపవలెనని సిఫారసు చేసెను. ఇవి మేలైన యాలోచనలే. కాని వేసవి తరగతి నుండి తిరిగివచ్చిన యుపాధ్యాయుడు జూన్ నెలలో తన యూరి పాఠశాలలో మఱల నొంటరివాడే. అచ్చట సందేహము కలిగిన నడుగుటకు తోడు లేడు. ఈ లోపమును తీర్చుటకు జరిగిన గొప్ప ప్రయత్న మొకటి నర్మదానదీ తీరమున జరిగెను.

హోషంగాబాదు ప్రయత్నము

మధ్యప్రదేశమున హోషంగాబాదు జిల్లా కలదు; దానికి 2022 నుండి నర్మదాపురమని పేరు. అచ్చట 1972లో కిశోర్ భారతి యను సంస్థయు, క్వేకరు క్రైస్తవులు రసూలియా గ్రామమున స్థాపించిన ఫ్రెండ్స్ రూరల్ సెంటరును కలిసి, 16 మాధ్యమిక పాఠశాలలలో నూతన విధానమును ప్రారంభించెను. ఆఱు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు నలుగురేసి చొప్పున కూడి ప్రయోగములు చేసి, తాము చూచినదానిని తామే వ్రాసికొనుట అందలి పద్ధతి. వారి పుస్తకమున జవాబులు లేవు. ప్రశ్నలును, చేయవలసిన పనులును కలవు.

ఇట్టి పుస్తకమును బోధించుట సులభము కాదు. కనుక ఉపాధ్యాయులకు వేసవిలో సుమారు మూడు వారముల శిక్షణ యిచ్చిరి. ఢిల్లీ విశ్వవిద్యాలయమునుండియు, బొంబాయి టాటా పరిశోధనాలయమునుండియు వచ్చిన శాస్త్రజ్ఞులు గ్రామోపాధ్యాయులతో నేలపై కూర్చుండి పిల్లల ప్రయోగములనే చేసిరి. శిక్షణ యంతటితో ముగియలేదు. ఉపాధ్యాయులు నెలకొకమాఱు కలిసికొని, ఏ ప్రయోగము తరగతిలో నడచెను, ఏది నడువలేదు, పిల్లలేమి యడిగిరి యని చర్చించుకొనెడివారు. ఆ చర్చల ననుసరించి పుస్తకములు సవరింపబడెను. పరీక్షలలో పుస్తకము చూచి వ్రాయుటకు ననుమతి యిచ్చిరి. ప్రయోగ పరీక్షయు నుండెను. పిల్లలు తమ సందేహములను జాబులుగా వ్రాయుటకు సవాలీరామ్ అను కల్పిత పాత్ర నేర్పఱచిరి. 1978లో నీ విధానము జిల్లా యంతటికి వ్యాపించెను. ఆ సంవత్సరమే అరవింద్ గుప్తా యను ఇంజనీరు అచ్చటికి వచ్చి, అగ్గిపుల్లలను సైకిలు వాల్వుట్యూబు ముక్కలతో కూర్చి క్షేత్రగణితపు ఆకృతులను చేయు నుపాయమును కనిపెట్టెను. 1982లో ఏకలవ్య యను సంస్థ ఏర్పడి యీ పనిని పెంచెను. 2002లో ప్రభుత్వ మా విధానమును పాఠశాలలనుండి తొలగించెను. అయినను ముప్పది సంవత్సరములు నడచిన యా పని, గ్రామోపాధ్యాయుడు శాస్త్రజ్ఞునితో సమానముగా కూర్చుండి ఆలోచింపగలడని లోకమునకు చూపెను.

ఆంధ్రదేశమున

మన రాష్ట్రమునను ఇట్టి ప్రయత్నములు లేకపోలేదు. 1980 దశాబ్దిలో బ్రిటిషు ప్రభుత్వపు సహాయముతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము ప్రారంభమై, పిదప రాష్ట్రమంతట వ్యాపించి, 1996వఱకు నడచెను. దానిని ఏపెప్ అని ఉపాధ్యాయులు పిలిచెడివారు. దాని కాఱు సూత్రములు: ఉపాధ్యాయుడే యభ్యాస కృత్యములను కల్పించుట, చేసి, కనుగొని, ప్రయోగించి నేర్చుకొనుట, ఒంటరిగను, జట్టుగను, తరగతి యంతయు కలిసియు పనిచేయుట, పిల్లల శక్తిభేదములను గమనించుట, పరిసరములను వాడుకొనుట, పిల్లల పనిని గోడలపై ప్రదర్శించి తరగతిని ఆకర్షణీయముగా నుంచుట. చుట్టుప్రక్కల పాఠశాలల ఉపాధ్యాయులు కలిసికొనుటకు ఉపాధ్యాయ కేంద్రము లేర్పడెను. పాఠము చెప్పు ఒంటరితనమును పోగొట్టుటలో నివి హోషంగాబాదు నెలసమావేశములను పోలినవి.

1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి జిల్లాకొక శిక్షణసంస్థ వెలసెను. మన కృష్ణాజిల్లా సంస్థ గుడివాడ సమీపమున అంగలూరులో నున్నది. చిత్తూరుజిల్లా కుప్పమున 1999లో స్థాపితమైన అగస్త్య సంస్థ 172 యెకరముల యావరణమున ప్రయోగశాలలను నెలకొల్పి, వాహనములలో పరికరములను గ్రామములకు పంపుచు, ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రతి యుపాధ్యాయునికి సంవత్సరమునకు కనీసము 50 గంటల వృత్తిశిక్షణ నుద్దేశించినది. అదే సంవత్సరమున వ్యాపించిన మహమ్మారి కాలమున శిక్షణ చాలవఱకు తెరలపైకి మాఱెను. ఇంటనుండియే చరవాణిలో పాఠములను చూచి, ప్రశ్నలకు గుర్తులు పెట్టి, యోగ్యతాపత్రమును పొందు పద్ధతి యలవాటయ్యెను.

తెరపై చూచిన ప్రయోగ మెన్నడును తప్పిపోదు. అందు గ్లాసు పగులదు, దారము తెగదు, నీరు ఒలుకదు. అందువలననే యది యుపాధ్యాయుని భయమును తీర్పజాలదు. 50 గంటలు లెక్కకు నిండవచ్చును. అందెన్ని గంటలు చేతులు తడిసెనో చూడవలెను.

కాలువగట్టున నొక దినము

ఇక మన డెల్టాలో నిట్టి కార్యశాలను జరుపుటకు కావలసిన సామగ్రి యెట్టిది? 1855లో ముగిసిన పాత ఆనకట్టయు, దానికి 1952లో గండిపడిన పిమ్మట కట్టి 1957లో పూర్తిచేసిన ప్రకాశం బ్యారేజియు మన కిచ్చిన కాలువలు మన ప్రయోగశాలలు. బందరు, ఏలూరు, రైవస్ కాలువల చెంతనున్న యే పాఠశాలలోనైన నీ క్రింది నాలుగు పనులను ఒక దినమున చేయవచ్చును.

మొదటిది, కాలువనీటిని తేర్చుట. వరదకాలపు బురదనీటిని ఐదు లీటరుసీసాలలో నింపవలెను. వేఱొక లీటరు నీటిలో 10 గ్రాముల పటికను కఱగించి యుంచవలెను. సూదిలేని యింజెక్షను గొట్టముతో కొలిచి, మొదటి సీసాలో నేమియు వేయక, మిగిలినవానిలో వరుసగా 1, 2, 4, 8 మిల్లీలీటర్ల పటికనీరు వేయవలెను. ఒక నిమిషము వేగముగను, పది నిమిషములు మెల్లగను కలిపి, అరగంట కదలింపక యుంచవలెను. సీసా వెనుక అచ్చుకాగితము పెట్టి, ఏ సీసాగుండ నక్షరములు స్పష్టముగా కనబడునో చూడవలెను. బురదకణములపై ఋణవిద్యుత్తు ఉండుటచే నవి యొకదాని నొకటి త్రోసికొనుచు తేలియుండును. పటికలోని అల్యూమినియము దానిని పోగొట్టి, జిగురువంటి తునకలుగా కూర్చి, అడుగునకు దింపును. మన యవ్వలు కుండలోపల చిల్లగింజను అరగదీసి నీటిని తేర్చుటయు నిట్టి ఫలమునకే. పట్టణములలో నీటిశుద్ధి కేంద్రములవారు ప్రతిదినమును ఎంత పటిక వేయవలెనో యిట్టి సీసాల పరీక్షచేతనే నిర్ణయింతురు. ఒక హెచ్చరిక యవసరము: తేటయైన నీరంతయు శుద్ధమైనది కాదు. రోగక్రిములు కంటికి కనబడవు. త్రాగుటకు నీటిని కాచవలెను, లేదా క్లోరిన్ కలుపవలెను.

రెండవది, మందారమును, పసుపును. ఎఱ్ఱమందారపు ఱేకులను వేడినీట నానవేసి రసము తీయవలెను. అందు నిమ్మరసము వేసిన ఎఱుపెక్కును. సున్నపుతేట వేసిన పచ్చబడును. పసుపు పూసిన కాగితము సున్నమునకును, సబ్బునకును ఎఱ్ఱనగును, నిమ్మరసమునకు మాఱదు. ఆమ్లములను, క్షారములను పిల్లలు గుర్తించుట కింతకంటె చవుకయైన సాధనము లేదు. ఇప్పుడు మొదటి పనిలోని పటికనీటిని మందారరసమున వేసి చూడవలెను. అది యెఱ్ఱబడును, అనగా పటికనీటికి ఆమ్లగుణము కలదు. పటిక హెచ్చినచో నీరేల చెడునో, కొన్నిచోట్ల నీటిశుద్ధిలో సున్నము నేల కలుపుదురో ఉపాధ్యాయున కపుడు తనంతటనే తోచును.

మూడవది, నేలల పరీక్ష. రెండు సీసాల యడుగులను కోసి, మూతికి గుడ్డకట్టి, తలక్రిందుగా నిలిపి, ఒకదానిలో కృష్ణయిసుకను, రెండవదానిలో నల్లరేగడిని సమానముగా నింపవలెను. ఒక్కొక్కదానిలో గ్లాసెడు నీరు పోసి, క్రింద జాఱిన నీటిని నిమిషమునకొకసారి కొలువవలెను. ఇసుకలో నీరు వెంటనే దిగిపోవును. రేగడిలో చాల ఆలస్యమగును. వరి మళ్లలో నీరు నిలుచుటకును, వేసవిలో నదే నేల నెఱ్ఱెలు విచ్చుటకును కారణమైన బంకమట్టి గుణము గుఱించి చర్చింపవచ్చును. రైతుబిడ్డలకు ఇందు ఉపాధ్యాయునికంటె నెక్కువ తెలిసియుండవచ్చును. వారిచే చెప్పించుట మంచిది.

నాలుగవది, లోలకము. దారమునకు రాయి కట్టి, ఊతనుండి రాయి నడుమవఱకు ఒక మీటరు పొడవుంచి, కొంచెముగా ఊపి, 20 ఊపులకు కాలము చూడవలెను. సుమారు 40 సెకండ్లు పట్టును. బరువు హెచ్చించిన నేమగునని ముందుగా నడిగిన, ఉపాధ్యాయులలోనే పెక్కుమంది మాఱునందురు. చేసి చూచిన మాఱదు. పొడవు 25 సెంటీమీటర్లకు తగ్గించిన 20 సెకండ్లకు దిగును. పొడవు నాలుగవవంతైనను కాలము సగమే యగుటకు కారణమును వెదకుట గణితోపాధ్యాయులకు తగిన పని.

ఈ పనులన్నిటికిని కావలసినవి సీసాలు, పటిక, సున్నము, పూలు, దారము. ఖర్చు స్వల్పము. కాని నియమములు మూడు పాటింపవలెను. ప్రతి పనికి ముందు ఊహను వ్రాయవలెను. నడిపించువారు జవాబును ముందుగా చెప్పరాదు. ఒక నెల పిదప అందఱును మఱల కూడి, తరగతిలో నేమి జరిగెనో, పిల్లలేమి యడిగిరో చెప్పుకొనవలెను. మూడవ నియమమే యన్నిటికంటె ముఖ్యము. ఒకదినపు కార్యశాల ఉత్సాహము నిచ్చును. నెలనెల కలియుట అలవాటు నిచ్చును. పథకములకు గడువు కలదు. పది పాఠశాలల ఉపాధ్యాయుల స్నేహమునకు గడువు లేదు.

ఎవరి పని యేది

పాఠశాలల యాజమాన్యము చేయవలసినది మొదట చెప్పెదను. పగిలిన గాజునకు ఉపాధ్యాయుని బాధ్యునిగా చేయరాదు. వాడబడిన గాజే పగులును. ఎన్నడును పగులని గాజు బీరువాలో నిద్రించుచున్నదని యర్థము. వారమున కొకమాఱు రెండు పీరియడ్లు వరుసగా శాస్త్రమున కీయవలెను. కార్యశాలకు పోవు దినమును సెలవుగా లెక్కింపక, బస్సుఖర్చుల నీయవలెను. పరీక్షాపత్రమున "నీవేమి చూచితివి? నీ వెట్లు తెలిసికొంటివి?" అను ప్రశ్న యొక్కటియైన నుండవలెను. పరీక్షలో నడుగబడని దానిని ఎంత మంచి యుపాధ్యాయుడైనను చిరకాలము నిలుపజాలడు.

తలిదండ్రులకు నా మనవి యిది. మీ బిడ్డ ఖాళీసీసాను, గుప్పెడు సున్నమును అడిగినప్పుడు విసుగుకొనకుడు. సాయంకాలము "ఎన్ని మార్కులు వచ్చినవి?" యని యడుగుటకు ముందు "నేడేమి చూచితివి?" యని యడుగుడు. శాస్త్రపు నోటుపుస్తకమున కొట్టివేతలు కనబడిన, అది శ్రద్ధలేమి యని తలంపకుడు; పిల్లవాడు కొలిచి, తప్పు తెలిసికొని, మఱల కొలిచెనని గుర్తు కావచ్చును.

విద్యార్థులారా! "ఇది మన కెట్లు తెలిసెను?" అని గురువును వినయముతో నడుగుట అవిధేయత కాదు. చేతి యభ్యాసము గల యుపాధ్యాయుడు ఆ ప్రశ్నకు కోపింపడు. "రండు, చేసి చూతము" అనును. అట్టి యుపాధ్యాయుడు మీకు లభించుటకే యీ కార్యశాలలు. మీలో కొందఱు రేపు ఉపాధ్యాయులగుదురు. ఇప్పుడు మీ చేతికి వచ్చిన పని అప్పుడు మీ విద్యార్థుల చేతికి పోవును.

తోటి యుపాధ్యాయులకు నొక్కమాట. మన శిక్షణకు పెద్ద కేంద్రమును, దూరపు నిపుణుని ఎదురుచూడ నవసరము లేదు. చుట్టుప్రక్కల పాఠశాలల శాస్త్రోపాధ్యాయులు నలుగురు కలిసి, నెలలో నొక శనివారము మధ్యాహ్నము, ఒక బల్ల, ఐదు సీసాలు, మూడు క్రొవ్వొత్తులు ముందుంచుకొన్న, అదియే కార్యశాల. వచ్చు విద్యాసంవత్సరమున నట్లు ప్రారంభించి, బీరువా తాళమును వారమున కొకమాఱైనను తీయుదుము గాక.